బాడుగ ఇంట్లో పక్కపోర్షన్ గలాటా: నోట్‌బుక్ నుంచి స్టేషన్ దాకా ఏ వరసలో పోవాలి

"పైపోర్షన్ వాళ్లు రాత్రి ఒంటిగంట దాకా మిద్దె మీద స్పీకరు పెడతారు. ఓనరు బెంగళూరులో ఉంటాడు, ఫోన్ చేస్తే మీరే సర్దుకోండప్పా అంటాడు. నేరుగా స్టేషన్‌కు పోవచ్చా?" అనంతపురం నుంచి ఈ ప్రశ్న రకరకాలుగా వస్తూనే ఉంది. ఒకరికి నీళ్ల మోటరు దగ్గర, ఇంకొకరికి బండి పార్కింగ్ దగ్గర, మరొకరికి తాగి వచ్చి తిట్టేవాళ్లతో ఇబ్బంది.

సాయినగర్, రామ్‌నగర్ లాంటి చోట్ల ఒకే కాంపౌండులో నాలుగైదు పోర్షన్లు ఉంటాయి. బోరు ఒకటే, మెట్లు ఒకటే, గేటు ఒకటే. ఇట్లాంటి చోట చాలామంది నెలల తరబడి ఓర్చుకుని, ఒక రాత్రి తట్టుకోలేక మీదికి పోతారు. తెల్లారి స్టేషన్‌లో ఇద్దరూ సమానంగా గొడవపడ్డవాళ్లే అవుతారు. అన్ని రోజులు ఓర్చుకున్నదానికి ఒక్క కాగితం కూడా సాక్ష్యం ఉండదు. అందుకే వరస ముఖ్యం: ముందు రాసిపెట్టుకోవడం, తర్వాత మాట, ఆ తర్వాత ఓనరు, చివరికి పోలీసులు, కోర్టు. ప్రాణానికో మానానికో ముప్పు ఉంటే మాత్రం ఈ వరస పట్టించుకోకుండా నేరుగా 7వ భాగానికి పోండి.

1. ఇది ఏ రకం ఇబ్బందో ముందు తేల్చుకోండి

మొదటి రకం వాటాల పేచీ: నీళ్లు, మోటరు, కరెంటు బిల్లు, పార్కింగ్, మెట్లు కడిగే వంతు. వీటికి ఏర్పాటు మారిస్తే చాలు, మనిషి మారాల్సిన పని లేదు.

రెండోది పదేపదే జరిగే వేధింపు: అర్ధరాత్రి సౌండు, మిద్దె మీద తాగుడు, మీ వాకిట్లోకి చెత్త ఊడ్చడం, పైనుంచి మురికినీళ్లు వదలడం, దారిలో బూతులు. వీటికి మాట, కాగితం రెండూ కావాలి.

మూడోది ప్రమాదం: కొట్టడం, చంపుతామని బెదిరించడం, ఆడవాళ్ల వెంటపడటం, కులం పేరుతో దూషించడం, పక్కింట్లో ఎవరినో హింసించడం.

వేధింపు కానివి కూడా ఉన్నాయి. చంటిబిడ్డ ఏడుపు, తెల్లవారుజామున మిక్సీ, మాంసం కూర వాసన, ఏడాదికొకసారి పుట్టినరోజు సందడి, ఇంటికి వచ్చేపోయే చుట్టాలు ఫిర్యాదు చేసే విషయాలు కావు. పక్కన కాలేజీ పిల్లలు రూము తీసుకున్నారనో, వేరే మతం వాళ్లు దిగారనో వచ్చే చిరాకు అసలే కాదు. అట్లాంటివి పిటిషన్‌లో కలిపితే న్యాయమైన ఫిర్యాదు కూడా తేలిపోతుంది.

2. మీ కాగితాలు సరిచూసుకోండి

ఎవరితోనైనా మాట్లాడే ముందు మీ స్థానం గట్టిగా ఉండాలి. అగ్రిమెంటు బయటికి తీయండి. మన దగ్గర ఎక్కువగా 11 నెలలకు రాస్తారు. ఆ 11 నెలలు ఎప్పటికి పూర్తవుతాయో చూడండి.

- నీళ్లు, పార్కింగ్, మిద్దె వాడకం గురించి అగ్రిమెంటులో ఏం రాశారు?
- బాడుగ ఫోన్‌పేలోనో బ్యాంకులోనో కడుతున్నారా? చేతికిస్తే రసీదు ఉందా?
- అడ్వాన్సు ఎంతిచ్చారో కాగితం మీద ఉందా?
- మీ వైపు బాకీ, పాత కరెంటు బిల్లు ఏమైనా ఉందా? ఉంటే ముందు కట్టేయండి.

అగ్రిమెంటు లేదని భయపడకండి. బాడుగ కట్టిన రుజువులు ఉంటే మీరు అక్కడ బాడుగకు ఉన్నట్టే. నెలనెలా బాడుగకు ఉండేవాళ్లను ఖాళీ చేయించాలంటే, ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే, ఆస్తి బదలాయింపు చట్టం 106 సెక్షన్ ప్రకారం కనీసం 15 రోజుల నోటీసు ఇవ్వాలి. ఫిర్యాదు చేశారన్న కోపంతో నీళ్లు, కరెంటు కట్ చేయడం, సామాన్లు బయట వేయడం చెల్లదు.

3. నోట్‌బుక్ పెట్టండి

అందరూ వదిలేసేది ఇదే, తర్వాత అన్నింటికన్నా ఎక్కువ పనికొచ్చేదీ ఇదే. పిల్లల నోట్‌బుక్ ఒకటి తీసుకుని, జరిగిన రోజే రాయండి. వారం తర్వాత గుర్తుచేసుకుని రాస్తే టైములు తారుమారవుతాయి. రాత ఇట్లా ఉండాలి:

"శనివారం రాత్రి 11:20 నుంచి 1:05 దాకా. మిద్దె మీద స్పీకరు, ఐదారుగురు మనుషులు. మా పడకగది తలుపు మూసినా పాట మాటలు వినపడ్డాయి. 11:45కు నేను ఫోన్ చేసి అడిగితే తగ్గించారు, 12 గంటలకు మళ్లీ పెంచారు. కింద పోర్షన్ అక్క కూడా లేచి వాకిట్లోకి వచ్చింది."

దీంట్లో ఎప్పుడు, ఎంతసేపు, ఎక్కడ, మీకు కలిగిన ఇబ్బంది, మీరు చేసింది, చూసినవాళ్లు అన్నీ ఉన్నాయి. "రోజూ నరకం చూపిస్తున్నారు" అని రాస్తే వీటిలో ఒక్కటీ ఉండదు.

వీడియో తీసేటప్పుడు ఈ జాగ్రత్తలు తీసుకోండి:

- మీ గుమ్మంలోనో మీ గదిలోనో నిలబడి తీయండి. వాళ్ల కిటికీలోకి, స్నానాలగది వైపు ఫోన్ పెట్టకండి. అది మీ మీదే కేసవుతుంది.
- సీసీ కెమెరా పెడితే మీ తలుపు, మీ బండి కనిపించేలా తిప్పండి. వాళ్ల తలుపు వైపు కాదు.
- అసలు ఫైలు తీసిన ఫోన్‌లోనే ఉంచండి. వాట్సాప్‌లో పంపింది నకలే. కోర్టు దాకా పోతే భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) 63 సెక్షన్ కింద, ఆ వీడియో ఏ ఫోన్‌లో ఎట్లా తీసిందో చెప్పే ధ్రువపత్రం ఇవ్వాల్సి ఉంటుంది, అప్పుడు అసలు ఫైలు ఉంటే పని తేలిక.
- గ్రూపుల్లో, స్టేటస్‌లో పెట్టకండి.

రెండు వారాల రాత చేతిలో ఉంటే మీకే ఒక సంగతి తెలుస్తుంది. రోజూ అనుకున్నది శని, ఆదివారాలే కావచ్చు. ఒకతనే వచ్చినప్పుడు గలాటా మొదలవుతుండవచ్చు. అది తెలిస్తే ఏం అడగాలో తెలుస్తుంది.

4. మొదటి మాట

గలాటా జరుగుతున్నప్పుడు పోయి మాట్లాడకండి. తాగినవాళ్లతో అసలే వద్దు. మరుసటి రోజు సాయంత్రం, వాళ్లు పని నుంచి వచ్చి టీ తాగిన తర్వాత పోండి. వంట వేళ, భోజనం వేళ తలుపు కొట్టకండి.

ఒక్కరే పోండి, లేదంటే ఇంకొకరిని తోడు తీసుకోండి. నలుగురైదుగురు పోతే మీది మర్యాదగా అడగడమే అయినా వాళ్లకు దండయాత్రలాగా ఉంటుంది. ఒంటరిగా ఉండే ఆడవాళ్లు పక్కపోర్షన్ పెద్దావిడను తోడు తీసుకుని, ఆ ఇంట్లో అమ్మతోనో భార్యతోనో మాట కలపడం మంచిది. చాలా ఇళ్లలో మాట చెల్లేది ఆవిడకే.

మాట ఇట్లా ఉండొచ్చు:

"అన్నా, శనివారం రాత్రి మిద్దె మీద పాటలు ఒంటిగంట దాకా ఉన్నాయి. మా పాపకు టెన్త్ పరీక్షలు. మీరు కూర్చోవద్దని నేననడం లేదు. పది దాటినాక స్పీకరు ఆపేస్తే చాలు. మా వైపు నుంచి మీకేమన్నా ఇబ్బంది ఉంటే చెప్పండి, మేమూ చూసుకుంటాం."

ఇక్కడ అడిగింది ఒక్కటే, దానికి టైము కూడా ఉంది. పాత లెక్కలు తీయలేదు. చివరి మాట ఊరికే అనకండి, నిజంగా వినండి. మీ బండి అడ్డంగా ఉండటం వల్ల వాళ్ల నాన్న చేతికర్రతో గేటు దాటలేకపోతున్నాడని అప్పుడు తెలియవచ్చు. మీరు బండి జరిపితే వాళ్లు స్పీకరు ఆపుతారు.

చెడగొట్టే మాటలు ఇవి:

- "ఇది సంసారాలుండే ఇల్లు." అవతలివాళ్లను సంసారులు కాదన్నట్టే.
- "ఓనరుకు చెప్పి ఖాళీ చేయిస్తా." మొదటి రోజే అంటే ఆ తర్వాత అనడానికి ఏమీ ఉండదు.
- "అందరూ మీ గురించి అట్లే అనుకుంటున్నారు." ఆ అందరూ ఎవరని అడిగితే ఎవరూ ముందుకు రారు.
- వాళ్ల పిల్లల ముందు తల్లిదండ్రులను తిట్టడం.

మాట్లాడిన రోజు, వాళ్లు ఏమన్నారో నోట్‌బుక్‌లో రాయండి. ఒప్పుకుంటే ఆ రాత్రే చిన్న మెసేజ్: "అన్నా, పది దాటినాక స్పీకరు ఆపుతామన్నందుకు థ్యాంక్స్." మర్యాదకు మర్యాద, రేపటికి రుజువు. మళ్లీ జరిగితే మళ్లీ ఒకసారి అడగండి. మూడోసారికి ఓనరు దగ్గరికి.

5. నీళ్లు, మోటరు: దీనికి వేరే పద్ధతి

అనంతపురంలో ఎండాకాలం వచ్చిందంటే కాంపౌండు గొడవల్లో నీళ్లవే ముందుంటాయి. ఒకరు మోటరు వేసి మరిచిపోతారు, ట్యాంకు పొంగి మెట్ల మీద పారుతుంది. ఇంకొకరు కొళాయి వచ్చే గంటలో డ్రమ్ములన్నీ నింపుకుంటారు, చివరి పోర్షన్‌కు బోకులు తోముకునేందుకు కూడా మిగలవు. ఇక్కడ ఎవరు చెడ్డవాళ్లో తేల్చబోతే రోజులు గడుస్తాయి. ఏర్పాటు మార్చండి:

- మోటరు స్విచ్చు పక్కన గోడ మీద కాగితం: ఏ పోర్షన్ ఏ టైముకు వేయాలి, ఎన్ని నిమిషాలు. అందరి సంతకాలతో.
- ట్యాంకు నిండగానే మోటరు ఆగే ఆటోమేటిక్ స్విచ్చు. ఖర్చు పోర్షన్ల లెక్కన పంచుకోండి.
- పోర్షన్‌కొక చిన్న ట్యాంకు, దానికి వేరే పైపు, వాల్వు. ఓనరు ఒప్పుకుంటే సగం గొడవలు ఆ రోజుతో పోతాయి.
- మోటరుకు సబ్‌మీటరు. బిల్లు వచ్చిన రోజే రీడింగ్ ఫోటో అందరికీ పంపండి.

ఎవరైనా ఒక పోర్షన్‌కు కావాలని వాల్వు తిప్పేస్తే అది వాటాల పేచీ కాదు, వేధింపు. నోట్‌బుక్‌లోకి ఎక్కించండి.

6. ఓనరును కదిలించడం

"వాళ్లతో కష్టంగా ఉంది సార్" అని ఫోన్ చేస్తే సర్దుకోండి అనే వస్తుంది. రాతపూర్వకంగా పంపండి, ఒక్క కోరికతో:

"సార్, నమస్తే. గత రెండు వారాల్లో పైపోర్షన్ నుంచి రాత్రి పది దాటినాక సౌండు వచ్చిన రోజులు, టైములు కింద రాశాను. రెండుసార్లు మర్యాదగా అడిగాం, ఆగలేదు. ఈ ఆదివారం లోపల మీరు వాళ్లతో మాట్లాడి, రాత్రి పది తర్వాత మిద్దె తలుపుకు తాళం వేసే ఏర్పాటు చేయండి."

ఇద్దరికీ ఓనరు ఒకరే అయితే ఆయన చేతిలో బలం ఉంది. పక్క పోర్షన్ల వాళ్లకు, చుట్టుపక్కల ఇళ్లకు ఇబ్బంది కలిగించే ప్రవర్తనను అద్దె చట్టంలోనే ఖాళీ చేయించదగ్గ కారణంగా రాశారు. ఆ మాట ఆయనకు గుర్తు చేయండి. మిగిలిన పోర్షన్ల వాళ్లు కూడా అదే వారం విడివిడిగా మెసేజ్ పెడితే ఓనరు కదులుతాడు.

ఓనర్లు వేరువేరైతే మీ ఓనరును వాళ్ల ఓనరుతో మాట్లాడించండి. ఓనరు వేరే ఊళ్లో ఉంటే బాడుగ వసూలు చేసే బావమరిదో మేస్త్రీయో ఉంటారు, ఆయన్ను ఒకసారి రాత్రిపూట పిలిపించి చూపించండి. గలాటా చేసేది ఓనరే అయితే ఈ మెట్టు మీకు లేదు. మెసేజ్ ఒకటి పెట్టి, పోలీసులకో న్యాయసేవాధికార సంస్థకో (10వ భాగం చూడండి) పోండి.

7. ఆగకుండా ఫోన్ చేయాల్సినవి

- కొడుతున్నా, ఆయుధంతో బెదిరిస్తున్నా, తలుపు విరగ్గొడుతున్నా: 112.
- పక్కింట్లో ఆడమనిషిని కొడుతున్నట్టు వినిపిస్తే: 112 లేదా 181. దాన్ని సౌండు ఇబ్బందిగా చూడకండి. గృహహింస చట్టం 2005, 4వ సెక్షన్ ప్రకారం ఎవరైనా సమాచారం ఇవ్వొచ్చు. మంచి ఉద్దేశంతో ఇచ్చినవాళ్ల మీద కేసు ఉండదు.
- పిల్లలను హింసిస్తుంటే: 1098.
- పెద్దవాళ్లను హింసిస్తే, వదిలేస్తే: 14567.
- కులం పేరుతో దూషిస్తే, కొడితే: 14566. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద వచ్చే కేసు ఇది, "రాజీ పడండి" అని ఎవరు చెప్పినా ఒప్పుకోవాల్సిన పని లేదు. విన్నవాళ్ల పేర్లు వెంటనే రాసుకోండి.
- ఆడపిల్లను వెంబడించడం, సైగలు, అసభ్య మాటలు: భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 78, 79 సెక్షన్లు. ఓనరు దగ్గర పంచాయితీ పెట్టకండి, అమ్మాయినే ఇల్లు మార్చమనకండి.

గలాటా నడుస్తుండగా 112కు ఫోన్ చేస్తే ఇంటి గుర్తు సూటిగా చెప్పండి: కాలనీ, క్రాస్ నంబరు, దగ్గరి గుడి లేదా స్కూలు. ఫోన్ చేసిన టైము రాసుకోండి.

8. స్టేషన్‌లో పిటిషన్

సౌండు విషయంలో చట్టం స్పష్టంగా ఉంది. శబ్ద కాలుష్య నియమాలు 2000 ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. రాత్రి అంటే పది నుంచి ఉదయం ఆరు దాకా. ఆ వేళలో బయట లౌడ్‌స్పీకరు వాడకూడదు. పండుగలకు ప్రభుత్వం ఏడాదిలో 15 రోజులకు మించకుండా రాత్రి 12 దాకా సడలింపు ఇవ్వొచ్చు. కాబట్టి చవితి మండపం మీద ఫిర్యాదు చేసే ముందు ఆ రోజుకు అనుమతి ఉందేమో కనుక్కోండి. ఫోన్ యాప్‌లో వచ్చే డెసిబెల్ అంకె ప్రామాణిక కొలత కాదు, అయినా రాసుకోవడంలో తప్పు లేదు.

పిటిషన్ ఒక పేజీ దాటనివ్వకండి. మీ ఇల్లు వన్ టౌన్, టూ టౌన్, త్రీ టౌన్, ఫోర్ టౌన్‌లలో ఏ స్టేషన్ కిందికొస్తుందో తెలుసుకుని పోండి. వార్డు సచివాలయంలో మహిళా పోలీసును కలిసి చెబితే ముందు ఆమె వచ్చి మాట్లాడే వీలుంది.

పిటిషన్‌లో ఉండాల్సినవి:

- మీ పేరు, చిరునామా, ఎప్పటి నుంచి బాడుగకు ఉన్నారు.
- ఎవరి మీద ఫిర్యాదు, ఏ పోర్షన్. పూర్తి పేరు తెలియకపోతే తెలిసినంతే.
- నోట్‌బుక్ నుంచి నాలుగైదు ఘటనలు, తేదీ, టైముతో.
- మీరు అడిగిన తేదీలు, ఓనరుకు పెట్టిన మెసేజ్.
- కోరిక: "వారిని పిలిపించి కౌన్సెలింగ్ చేసి, రాత్రి పది తర్వాత శబ్దం లేకుండా చూడగలరు."
- జతపరిచిన ఫోటోలు, మెసేజ్‌ల నకళ్లు.

రెండు కాపీలు తీసుకెళ్లండి. ఒకదాని మీద అందినట్టు స్టాంపు, సంతకం వేయించుకోండి. ఎఫ్ఐఆర్ కడితే దాని నకలు మీకు ఉచితంగా ఇవ్వాలి. కొన్ని చిన్న నేరాల్లో మేజిస్ట్రేట్ ఆదేశం లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేరు. అప్పుడు మీ సమాచారం పుస్తకంలో నమోదు చేసి కోర్టుకు పొమ్మంటారు. అది తిప్పి పంపడం కాదు, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 174 సెక్షన్ పద్ధతి. కేసు కట్టాల్సిన నేరానికీ కట్టకపోతే 173(4) ప్రకారం ఎస్పీకి రాతపూర్వకంగా పంపండి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలోనూ అర్జీ ఇవ్వొచ్చు, 1100కు ఫోన్ చేసీ నమోదు చేయించొచ్చు.

ఒక మాట ముందే తెలుసుకోండి. పబ్లిక్ న్యూసెన్స్‌కు న్యాయ సంహిత 292 కింద జరిమానా 1,000 రూపాయల దాకానే. అవతలివాళ్లను దారికి తెచ్చేది ఆ జరిమానా కాదు, బైండోవర్. సురక్షా సంహిత 126 కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ ఏడాది దాకా శాంతిగా ఉంటామని బాండు రాయించుకోవచ్చు. మీరు కూడా తిట్టి, చెయ్యి చేసుకుని ఉంటే ఆ బాండు మీతోనూ రాయిస్తారు.

9. చెత్త, మురుగు, దారి

పైనుంచి చెత్త వేయడం, సైడు కాలువ పూడ్చడం, సందుకు అడ్డంగా సామాన్లు పెట్టడం మీద వార్డు సచివాలయంలో శానిటేషన్ కార్యదర్శికి ఫోటోతో అర్జీ ఇవ్వండి. పది ఇళ్లవాళ్లు నడిచే దారికే అడ్డం వస్తే ఆర్డీవోకు సురక్షా సంహిత 152 కింద అర్జీ పెట్టొచ్చు. రెండు పోర్షన్ల మధ్య మెట్ల గొడవకు అది పనికిరాదు.

10. లోక్ అదాలత్

మాట, ఓనరు, స్టేషన్ అయినా తెగకపోతే కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పోండి, లేదా 15100కు ఫోన్ చేయండి. కేసు వేయకముందే ఇద్దరినీ పిలిచి లోక్ అదాలత్‌లో రాజీ కుదురుస్తారు. కోర్టు ఫీజు లేదు. అక్కడ రాసుకున్న ఒప్పందం కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. కాబట్టి "మంచిగా ఉంటాం" అని రాయించకండి. "రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మిద్దె మీద స్పీకరు వాడం, మోటరు కాగితంలోని టైముల ప్రకారమే వేస్తాం" అని రాయించండి. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయరును ఇస్తారు.

11. ఇల్లు మారడమే మేలైతే

పిల్లలు భయంతో నిద్రపోలేకపోతుంటే, ఓనరు వాళ్ల పక్షమే అయితే మారడం ఓటమి కాదు. కానీ కోపంలో ఒక్క రాత్రిలో సామాను ఎత్తకండి, అడ్వాన్సు ఇరుక్కుంటుంది.

- అగ్రిమెంటులో ఉన్న నోటీసు గడువు ప్రకారం మెసేజ్, కాగితం రెండూ ఇవ్వండి. కారణం కూడా రాయండి.
- గోడలు, తలుపులు, కొళాయిలు, ఫ్యాన్లు అన్నీ వీడియో తీయండి.
- కరెంటు రీడింగ్ ఫోటో తీసి చివరి బిల్లు కట్టండి.
- తాళం, అడ్వాన్సు ఒకేసారి చేతులు మారాలి. మిగతాది తర్వాత ఇస్తానంటే తేదీ, మొత్తం రాయించి సంతకం తీసుకోండి.
- కొత్త ఇల్లు చూసేటప్పుడు పగలు ఒకసారి, శనివారం రాత్రి పది తర్వాత ఒకసారి పోండి. ఓనరును కాదు, కింద పోర్షన్ ఆడవాళ్లను అడగండి: "అక్కా, ఇక్కడ నీళ్లెట్ల? రాత్రిపూట ఎట్లుంటుంది?"